ఏటి కోసం ఆగిన బొమ్మలు

కాలేజీ అంటే చదువును గదులుగా కట్టి, ఒక గదిలోవాణ్ణి ఇంకో గదిలోకి తొంగిచూడనివ్వని చోటు అని నేను చాలాకాలం వాదించాను. ఇప్పటికీ వాదిస్తాను. అరవైల మొదట్లో నేను అనంతపురంలో బి.ఏ. చదివేటప్పుడు ఊరికి ఒక పక్క మా ఆర్ట్స్ కాలేజీ, ఇంకో పక్క ఇంజనీరింగు కాలేజీ ఉండేవి. మధ్యలో ఒక రోడ్డు, కొన్ని వేపచెట్లు, బోలెడు దుమ్ము. ఆ రోడ్డు మీద రెండు కాలేజీలవాళ్లూ ఎదురుపడితే ఎగతాళిగా నవ్వుకునేవాళ్లే తప్ప మాట్లాడుకునేవాళ్లు కాదు. వాళ్ల దృష్టిలో మేము ఉత్త మాటలవాళ్లం. మా దృష్టిలో వాళ్లు స్క్రూలు బిగించేవాళ్లు. కామర్సువాళ్లు మా ఇద్దరికీ అంగడివాళ్లే. బొమ్మలు గీసేవాడికి అసలు ఏ గదీ లేదు.

నేను మాటలవాళ్లలో మరీ మాటలవాణ్ణి. మాది మడకశిర వైపు. మా నాయన బడిపంతులు. ఇంట్లో సగం కన్నడం, సగం తెలుగు. రెండు భాషల్లోనూ వాదమే. ముహూర్తం చూడకుండా చెల్లెలి పెళ్లి చేశాడని బంధువులు మా గడప తొక్కడం మానేస్తే, "ఇల్లు విశాలమైంది" అని చాప పరుచుకుని పడుకున్న మనిషి ఆయన. అలాంటివాడి కొడుకుగా నేను గ్రహణం పట్టినప్పుడు నడిబజార్లో నిలబడి మిరపకాయ బజ్జీలూ బొరుగులూ తినేవాణ్ణి. చూసేవాళ్లు చూసి పోయేవాళ్లు. నాకేమీ అయ్యేది కాదు. ఏమీ కాలేదన్న సంగతి ఎవరికీ పట్టేది కూడా కాదు. అదే నా బాధ.

ఆ ఏడు వానలు రాలేదు. ఆషాఢం గాలి మాత్రం వచ్చింది. అనంతపురం గాలి తెలిసినవాళ్లకు చెప్పక్కరలేదు. అది చెవుల్లో దూరి మనిషిని ఒకచోట కూర్చోనివ్వదు. హాస్టల్లో నీళ్ల బండి వచ్చేదాకా బకెట్లు పట్టుకుని నిలబడడం, నిలబడి పోట్లాడుకోవడం, క్లాసులో కూర్చుంటే బయటికి పోవాలనిపించడం, బయటికి పోతే ఎక్కడికో తెలియకపోవడం. ఏదో ఒకటి చేయాలి. ఏమి చేయాలో తెలియదు. అలాంటి రోజుల్లో ఇంజనీరింగు కాలేజీ గోడ మీద ఒక నోటీసు పడింది. విద్యార్థులు తమ చేతులతో చేసిన వస్తువుల ప్రదర్శన పెడుతున్నారు. ఏ కాలేజీవాళ్లయినా పాల్గొనవచ్చు.

ఆ నోటీసు ముందు నిలబడి ఉన్నప్పుడే నాకు ఇంజనీరు పరిచయమయ్యాడు. అతనిది కృష్ణా జిల్లా. నీళ్లు చూసి పెరిగినవాడు కాబట్టి మా ఊరిని తిట్టడంతోనే మాట మొదలుపెట్టేవాడు. "ఇదేం ఊరండీ బాబూ, మొహం కడుక్కోవాలంటే క్యూలో నిలబడాలి!" అనేవాడు. నాతోపాటు ఉన్నది తాడిపత్రి వాడు. కామర్సు చదివేవాడు. వాళ్లింట్లో బండలు కోసి నున్నచేసి బెంగుళూరుకు పంపే వ్యాపారం. వాడికి ఏ వస్తువు చూసినా అది ఎవరు కొంటారన్నదే మొదటి ఆలోచన. నాలుగోవాడు నా గదిలోనే ఉండేవాడు. బి.ఎస్సీ. చదువుతున్నాడు. ధర్మవరం వైపు పల్లె. మితభాషి. వాళ్ల నాయన ముందటేడు చనిపోయాడని తెలుసు. ఏం చేసేవాడని ఎవరైనా అడిగితే "సేద్యం" అనేవాడు. ఇక్కడ అతణ్ణి మిత్రుడు అనే అంటాను.

మిత్రుడు ఏమీ తోచనప్పుడు బొగ్గుతో గది గోడ మీద బొమ్మలు గీసేవాడు. ఒకరోజు మా గదికి వచ్చిన ఇంజనీరు ఆ గోడ ముందు నిలబడిపోయాడు. బస్సు కండక్టరు బొమ్మ అది. ముఖం పక్కకు తిరిగి ఉంది, కన్ను మాత్రం పూర్తిగా మనవైపే చూస్తోంది. చొక్కా అంతా చుక్కలు చుక్కలు.

"ఈ చుక్కలేంటి?" అన్నాడు ఇంజనీరు.

"చిల్లులు," అన్నాడు మిత్రుడు. "తోలులో అయితే ఈడ ఉలితో చిల్లులు కొడతారు. వెలుగు వస్తాది."

"ఎవరు కొడతారు?"

మిత్రుడు బొగ్గు కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "మా ఇంట్లోవాళ్లు," అన్నాడు.

అలా తెలిసింది, వాళ్లది తోలుబొమ్మలాట ఆడే కుటుంబమని. పెట్టె అడుగు నుంచి చిల్లులు కొట్టి రంగులు వేసిన తోలుముక్క ఒకటి తీసి చూపించాడు. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, మేకులు కొట్టి లాగి ఎండబెడితే అద్దంలా అవుతుందని చెప్పాడు. ఇంజనీరు దాన్ని కిటికీకి అడ్డంపెట్టి చూశాడు. మరునాడు ఇనపతీగతో రెండు చుట్లు చేసుకొచ్చి, తోలును గుండ్రంగా చుట్టి కుట్టించి, లోపల బల్బు పెట్టాడు. గది గోడలన్నింటి మీదా రంగు నీడలు పరుచుకున్నాయి.

తాడిపత్రి వాడే ముందు తేరుకున్నాడు. "వాయ్, బెంగుళూరులో మా బండలు కొనే అంగడాయన ఉండాడు. పెద్దపెద్ద ఇండ్లకు అలంకారాలు అమ్ముతాడు. ప్రదర్శనకు పిలిపిస్తా. ఒక్కటి చూపిస్తే కాదు, వరసగా దీపాలు పెట్టల్ల. చూసినాడంటే ఇంగ చూసుకో!"

నేను దాని మీద ఒక ఉపన్యాసమే ఇచ్చాను. గదులు బద్దలయ్యాయని, చేతిపని, యంత్రం, వ్యాపారం, ఆలోచన ఒకచోటికి వచ్చాయని. నా మాటలకు చప్పట్లు కొట్టినవాడు ఇంజనీరు ఒక్కడే. మిత్రుడు దీపం వైపే చూస్తూ, "ఇది నిలబడితే నేను చదువు మానకపోవచ్చు," అన్నాడు.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. నాయన పోయాక జట్టులో మగగొంతు లేదు. మేనమామ బొమ్మలు ఆడించగలడు గాని పాడలేడు. దసరా పోగానే ఆటల కాలం. ఈసారి దసరాకు ఇంటికి వచ్చేయమని, ఇంక కాలేజీకి పోవద్దని వాళ్లమ్మ చెప్పేసింది. దీపాల మీద ఇల్లు గడుస్తుందని ఆమెకు చూపిస్తే మనసు మారుతుందేమోనని వాడి ఆశ. ఆ ఆశ మా నలుగురిదీ అయింది.

చిక్కల్లా నీళ్లది. కరువులో మేకలను తెగనమ్ముతారు కాబట్టి తోళ్లకు కొదవ లేదు. నానబెట్టి గీకడానికి నీళ్లే లేవు. తాగడానికే లేనప్పుడు తోళ్లకు ఎవరిస్తారు? మిత్రుడు ఎలాగో ఒక చిన్న తోలు తయారుచేసి, అందులో హాస్యగాడి బొమ్మ ఒకటి కోశాడు. పొట్ట, పిలక, ఆడే దవడ. అంతకుమించి కాలేదు. అందుకని నలుగురమూ కొత్తచెరువు బస్సెక్కి, దిగి నడిచి వాళ్ల పల్లెకు పోయాం. ఇంట్లో పాత తోళ్లేమైనా ఉంటాయేమోనని.

వాళ్లమ్మ మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి వేయించిన చెనక్కాయలు పెట్టింది. సన్నటి మనిషి. గొంతు మాత్రం ఇల్లంతా నిండేది. "ఏమప్పా, చదువుకుండే పిల్లోళ్లంతా మా కొట్టానికి వచ్చినారే, దారి తప్పినారా?" అంది.

దూలానికి ఒక వెదురుబుట్ట వేలాడుతోంది. దాని మీద పాత చీర కప్పి ఉంది. తాడిపత్రి వాడి కళ్లు దాని మీదే ఉన్నాయి. "అత్తా, ఆ బుట్టలో ఏముండాయి?"

"అవి పోయే బొమ్మలు," అందామె.

మిత్రుడు వివరించాడు. బొమ్మ చినిగి, అతుకులు పడి, ఇంక ఆటకు పనికిరాదనుకున్నప్పుడు దాన్ని పారేయరు. ఏరు పారినప్పుడు తీసుకుపోయి నీళ్లలో వదులుతారు. నిలవనీళ్లలో వేయకూడదు, పారే నీళ్లే కావాలి. వాళ్ల ఊరి ఏరు చిత్రావతి పారి ఎంతకాలమైందో. అందుకే బొమ్మలు బుట్టలో పోగుపడి, ఏటి కోసం ఎదురుచూస్తూ వేలాడుతున్నాయి.

నాకు ఒళ్లు జలదరించింది. భక్తితో కాదు, కోపంతో. నాలుగు తరాల పనితనం దూలానికి వేలాడుతూ, రాని నీళ్ల కోసం ఆగి ఉండడమా! "అమ్మా, తోలు తోలే కదా. దానికి ఏరు వచ్చిందీ రానిదీ తెలుస్తుందా? వాటితో దీపాలు చేస్తే మీ బిడ్డ చదువు నిలుస్తుంది. నీళ్లలో వేస్తే చేపలకు కూడా పనికిరావు," అన్నాను.

"నువ్వు చెప్పేది నిజమే నాయనా," అందామె తాపీగా. "మీ అవ్వ పోయినప్పుడు కాష్టం మీద పెట్టినారా లేదా?"

"పెట్టినాము."

"ఎముకలు గట్టివే కదా. గొడ్డలికి పిడి వేయించుకోవల్సింది."

ఇంజనీరు తలవంచుకుని నవ్వాడు. నేను వదల్లేదు. చనిపోయిన మనిషికీ తోలుకూ తేడా ఉందన్నాను, మమకారం వేరు, నమ్మకం వేరన్నాను. ఆమె చెనక్కాయలు ఒలుచుకుంటూ అంతా విన్నది. చివరికి కొడుకు వైపు తిరిగింది. "చూసినావా, ఈయప్ప ఎంత గడగడా మాట్లాడతాడో. నువ్వూ నోరు తెరిస్తే ఇట్లే మీ నాయన మాదిరి పలికేవాడివి. ఆ కాలేజీకి పోయినాక నీ నోట పాట విన్లేదు నేను. ఇంగో ఏడాది ఆడ ఉంటే గొంతు మర్చిపోతావు. గొంతు పోయినాక చదువు వచ్చి మా ఆట ఆడతాదా?"

ఆమె భయం అప్పటికి నాకు చిన్నదిగా కనిపించింది. గొంతు ఎక్కడికి పోతుంది? శరీరశాస్త్రం ప్రకారం అది అసంభవమని చెప్పబోయాను గాని, ఇంజనీరు నా మోచేయి గిల్లాడు.

మేము తిరిగి వచ్చేశాం. మిత్రుడు ఇంటి దగ్గరే ఆగాడు. ప్రదర్శన దగ్గరపడుతుండగా ఒక మధ్యాహ్నం మూటతో హాస్టలుకు వచ్చాడు. విప్పితే బుట్టలోని బొమ్మలు. వాళ్లమ్మ రోడ్డు పనికి కూలికి పోయిన సమయంలో తెచ్చేశాడు. ఎవరమూ ఏమీ అడగలేదు. ఎర్రటి, నల్లటి, పచ్చటి బొమ్మలు. దేవుళ్లు, రాక్షసులు, రాణులు. చేతులు అతుకులు పడి, అంచులు ఆముదం దీపాల పొగకు నల్లబడి ఉన్నాయి. ఇంజనీరు తీగ చుట్లు చేశాడు. మిత్రుడు ఒక్కొక్క బొమ్మనూ చుట్టి కుట్టాడు. కుట్టేటప్పుడు వాడి పెదవులు బిగుసుకుని ఉండేవి. తాడిపత్రి వాడు బెంగుళూరు అంగడాయనకు కబురు పంపాడు. మరి నా వంతు పని ఏమిటి? నేను బోర్డు రాశాను.

ఆ బోర్డు మాటలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. 'ఏటిలో కలపాలని మూఢనమ్మకం దాచిపెట్టిన బొమ్మలతో చేసిన దీపాలు. ఇవి వెలుగుతున్నాయి. ఏ దేవుడూ కోపగించుకోలేదు. దగ్గరికి వచ్చి చూడండి.'

తాడిపత్రి వాడు తల పట్టుకున్నాడు. "అప్పా, నీకు పుణ్యముంటాది, అది తీసేయ్. అంగడి ముందర ఎవడన్నా సవాలు బోర్డు పెడతాడా? కొనేకి వచ్చినోడు కొట్లాడేకి వచ్చినాడనుకుంటాడు."

"కొనడం కంటే ఆలోచించడం ముఖ్యం," అన్నాను.

"దుడ్లు ఇచ్చి ఆలోచించేవాడు యాడుండాడు చూపించు," అన్నాడు వాడు. అయినా బోర్డు ఉండిపోయింది. మిత్రుడు దాన్ని ఒకసారి చదివి, మేకు కొట్టడానికి సుత్తి నాకు అందించాడు.

ప్రదర్శన ఇంజనీరింగు కాలేజీ హాల్లో. నీళ్లు తోడే నమూనా యంత్రాలు, ఒక రేడియో, వంతెన బొమ్మ. జనం మాత్రం మా బల్ల దగ్గరే. సాయంకాలం ఎండ ఇంకా కిటికీల్లో ఉంది కాబట్టి మామూలు బల్బులయితే వెలుగు కనిపించదని ఇంజనీరు నూరు క్యాండిళ్ల పెద్ద బల్బులు పెట్టాడు. ఆ రోజు కరెంటు కూడా ఎన్నడూ లేనంత ధాటిగా ఉంది. దీపాలు జేగీయమానంగా వెలిగాయి. ఊళ్లోనుంచి కూడా జనం వచ్చారు. బెంగుళూరు అంగడాయన కోటు వేసుకుని ఒక పక్కన నిలబడి చూస్తున్నాడు. తాడిపత్రి వాడు నా భుజం మీద చేయివేసి గట్టిగా నొక్కాడు.

ముందు వాసన వచ్చింది. మాడిన గోరు వాసన లాంటిది. తర్వాత ఒక రాక్షసి చేయి అతుకు విడి పైకి లేచింది. ఆ పక్క దీపంలో దేవుడి ముఖం అంచు నుంచి ముడుచుకోవడం మొదలైంది. మెల్లగా, అందరూ చూస్తుండగానే, ముక్కు, కన్ను, కిరీటం అన్నీ లోపలికి చుట్టుకుపోయి ముఖం గోడవైపు తిరిగిపోయింది.

"సామి మొగం తిప్పుకున్నాడు!" అని ఎవరో అరిచారు.

అంతే. వెనకవాళ్లు ముందుకు తోసుకొచ్చారు. ఒకాయన నా బోర్డును పైకి చదవడం మొదలుపెట్టాడు, ఒక్కొక్క మాట విడమరిచి. 'ఏ దేవుడూ కోపగించుకోలేదు' అన్నచోట హాలంతా గోల. ఇంజనీరు స్విచ్చుల వైపు పరుగెత్తాడు. నేను బెంచీ ఎక్కాను.

"వేడికి తోలు ముడుచుకుంటుంది! మీ చెప్పులు పొయ్యి పక్కన పెడితే ముడుచుకోవా? చెప్పులకు కూడా కోపం వచ్చిందంటారా?" అన్నాను. ఆ వాక్యంలో ఇప్పటికీ నాకు తప్పు కనిపించదు. కాని దేవుణ్ణి చెప్పుతో పోల్చానని ఇంకో నాలుగు గొంతులు లేచాయి.

"దిగప్పా నువ్వు! బొమ్మలోళ్ల పిల్లోడు యాడ? వాణ్ణి బయటికి రమ్మనండి. అందరి ముందర తప్పయిందని పొర్లుదండాలు పెట్టమనండి!"

మా హాస్టలు కుర్రాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. బొమ్మలోళ్ల పిల్లోడు ఎవరో వాళ్లకు అప్పుడే తెలిసింది. మిత్రుడు బల్ల వెనక నిలబడి ఉన్నాడు. పారిపోతాడనుకున్నాను. వాడు వంగి, బల్ల కింద నుంచి కొత్త హాస్యగాడి బొమ్మను తీశాడు. ఆరని ఒక దీపం ముందు దాన్ని పైకెత్తాడు. దవడ టపటపా ఆడింది. వచ్చిన గొంతు నేనెన్నడూ విననిది. సన్నటి, బొంగురు, కొంటె గొంతు.

"ఏమప్పో! సామి మొగం ఎందుకు తిప్పుకున్నాడో నన్నడగండప్పా, సామి పక్కింటోణ్ణి నేను! నాలుగు తరాలు ఆముదం దీపం కాడ ఆడినోడు సామి. ఈయప్ప ఇంజనీరంట, కృష్ణా నీళ్లు తాగినోడంట, సూర్యుణ్ణి పట్టుకొచ్చి సామి ముక్కు కింద పెట్టినాడు! చెమటలు పోసినాయి సామికి! విసనకర్ర తెండప్పా, టెంకాయలు తర్వాత చూద్దాము!"

ఎవరో కిసుక్కుమన్నారు. గోల కొంచెం తగ్గింది. అప్పుడు హాలు వెనకనుంచి ఒక ఆడగొంతు, కంచుగంట లాంటిది:

"విసనకర్రతోనే నీ వీపు వాయిస్తా రా, సచ్చినోడా! మొగుడని చెప్పుకునేకి సిగ్గుగా ఉండాది! ఇల్లు నీ మీద వదిలి కూలికి పోయి వచ్చేలోపల బుట్టంతా ఊడ్చుకపోతివే!"

జనం వెనక్కి తిరిగారు. మిత్రుడి తల్లి తలుపు దగ్గర నిలబడి ఉంది. కాళ్లకు మోకాళ్లదాకా దుమ్ము. పాత చీర తీసి ఖాళీ బుట్ట చూసి, బస్సు కండక్టరును అడిగి వచ్చిందని తర్వాత తెలిసింది. అది ఆటలో హాస్యగాడి గయ్యాళి పెళ్లాం గొంతు. తల్లి గొంతు కాదు. లేక రెండూనా, నాకు తెలియదు.

మిత్రుడి చేయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత బొమ్మ గడగడా వణికింది. "అయ్యయ్యో, నా పెండ్లాము! ఎవరన్నా నన్ను దాపెట్టండప్పా! ఇంజనీరు సామీ, నీ స్క్రూల డబ్బాలో చోటుందా?"

"నిన్ను దాపెట్టినోళ్ల ఇంట్లో పొయ్యి ఆరిపోను!"

"ఈ కరువులో పొయ్యి వెలిగిందెప్పుడే, ఆరిపోయేకి?"

హాలంతా భళ్లున నవ్వింది. నా బోర్డు చదివిన పెద్దమనిషి కూడా నవ్వాడు. ఆమె జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ వస్తోంది. ఆమె అడుగు ముందుకు వేసినకొద్దీ బొమ్మ వెనక్కి జరుగుతోంది.

"బుట్టలో ఉండేవాళ్లు ఎవరనుకున్నావురా? మా అత్త కోసిన చేతులవి. ఆ కిరీటం మీ నాయన కోసినాడు. ఎవరినడిగి తెస్తివి?"

"ఎవరినడగాలే? ఏటిని అడుగుదామని పోతే ఏరు లేదు. ఇసుక ఉండాది. ఎన్నాళ్లు దూలానికి వేలాడల్ల వాళ్లు?"

"ఏరు వచ్చేదాకా!"

"రాకపోతే?"

ఆమె అప్పటికి బల్ల దగ్గరికి వచ్చేసింది. కొడుకు ముఖం చూసింది. బొమ్మను పట్టుకున్న చేయి చూసింది. "వస్తాది లేరా," అంది, తన మామూలు గొంతుతో.

తర్వాత ఆమె దీపాలన్నీ తీగ చుట్లతో సహా కొంగులో కట్టుకుని వెళ్లిపోయింది. ఎవరూ పొర్లుదండాల మాట ఎత్తలేదు. నేను బోర్డు పీకి చంకలో పెట్టుకున్నాను. బెంగుళూరు అంగడాయన తాడిపత్రి వాడితో, కాలిపోని దీపం చేసినప్పుడు చూస్తానని చెప్పి రైలుకు వెళ్లాడు.

ఆ తర్వాతి వారాలు నాకు నరకం. వాదంలో నేను చెప్పింది నిజం. ఆ నిజాన్ని నిలబెట్టింది నా మాట కాదు, ఒక తోలు దవడ. అది నాకు మింగుడు పడలేదు. హేతువును హాస్యం అరువు తెచ్చుకోవడం ఎందుకు అని గదిలో అటూ ఇటూ తిరుగుతూ మిత్రుడి మీద విరుచుకుపడేవాణ్ణి. వాడు పట్టించుకునేవాడు కాదు. వాడి దిగులు వేరు. ఆ రోజు తల్లి ఏమీ చెప్పకుండా వెళ్లిపోయింది. దసరాకు రమ్మన్న మాట అలాగే ఉందో, పోయిందో తెలియదు. పుస్తకం తెరిచేవాడు, మూసేవాడు. హాస్టలు కుర్రాళ్లు "ఆ గొంతు ఒకసారి చెయ్ వాయ్" అని బతిమాలితే చేసేవాడు. తర్వాత మళ్లీ కిటికీ దగ్గర నిలబడేవాడు. ఇంజనీరు ఒక్కడే పనిలో పడ్డాడు. చిన్న బల్బు, పైన గాలి పోయే దారి, తోలుకూ తీగకూ మధ్య ఎడం. కాలిన తోలు పీలిక ఒకటి జేబులో పెట్టుకుని తిరిగేవాడు.

దసరా ముందర మైసూరు వైపు వానలు పడ్డాయి. మా దగ్గర నాలుగు చినుకులే. కాని ఒక పొద్దున కొత్తచెరువు బస్సు కండక్టరు మా హాస్టలు ముందు బస్సాపి, "ఏటికి నీళ్లొచ్చినాయంట, మీ యమ్మ రమ్మన్నాది. నలుగుర్నీ," అని అరిచి పోయాడు.

చిత్రావతిలో నీళ్లు ఎర్రగా, పల్చగా, ఇసుక మీద తొందరతొందరగా పోతున్నాయి. ఎప్పుడు ఆగిపోతాయో అన్నట్టు ఊరంతా గట్టున ఉంది. మిత్రుడి తల్లి బుట్ట దించి కూర్చుంది. దీపాలు తీగ చుట్లతో అలాగే ఉన్నాయి. "ఇనుము కట్టుకొని మునగల్లా ఏమి వీళ్లు? తీయండప్పా," అంది. ఇంజనీరు కటింగు ప్లేరు తీశాడు. నేనూ తాడిపత్రి వాడూ కుట్లు విప్పాం. ముడుచుకుపోయిన ఆ దేవుడి ముఖాన్ని సరిచేయాలని నేను వేళ్లతో ఎంత నొక్కినా అది మళ్లీ చుట్టుకుపోయింది.

ఆమె మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఒక్కొక్క బొమ్మనూ వదిలింది. మంత్రాలు లేవు. ఎవరి చేతి పనో చెప్పింది, అంతే. "ఇది మా అత్తది. ఇది మా అత్త చెల్లెలిది. ఇది ఆయనది." ఆ పనిలో దేవుడు ఎక్కడా కనిపించలేదు. కనిపించనందుకు నాకు సంతోషమే. అయినా అంత పనితనాన్ని నీటిపాలు చేయడం సరైనదని నేను ఆ రోజు అనుకోలేదు, ఈ రోజూ అనుకోను. ఒక అద్దాల బీరువాలో పెట్టి నలుగురికీ చూపించాల్సింది. ఈ మాట ఆమెతోనూ అన్నాను.

"బీరువాలో పెడితే కొత్తవి కోసే పని ఎవరికి గుర్తొస్తాది?" అంది.

ఖాళీ బుట్టను నీళ్లలో జాడించి గట్టున బోర్లించింది. దాని పక్కన ఒక మూట ఉంది. విప్పితే పచ్చి మేకతోళ్లు. నీళ్లున్నప్పుడే నానాలని తెచ్చింది. రాళ్ల మధ్య మడుగు కట్టి తోళ్లు వేశారు. మిత్రుడు మోకాళ్ల మీద కూర్చుని గీకడం మొదలుపెట్టాడు. తాడిపత్రి వాడు బెంగుళూరు మాట ఎత్తబోతే, "ముందు తోలు నాననీ అప్పా, తర్వాత నీ బేరం," అంది. ఇంజనీరు చిన్న బల్బు సంగతి చెప్పబోతే, "నీ సూర్యుణ్ణి కొంచెం చల్లార్చి తీసుకురా," అంది. నన్ను మాత్రం ఎగాదిగా చూసి, "బోర్డు తెచ్చినావా?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాను.

"మేలు."

మధ్యాహ్నానికి మొదటి తోలును గట్టు మీద మేకులు కొట్టి బిగించారు. ఒక వైపు మిత్రుడు, ఒక వైపు ఆమె. ఆమె లాగుతూ, తలెత్తకుండానే అడిగింది.

"పరీక్షలెప్పుడు రా నీకు?"

మిత్రుడి చేతిలో సుత్తి ఆగింది. "మార్చిలో."

"శివరాత్రి ఆటకు ఒక్కదానికి వచ్చి పో. తక్కినవాటికి మీ మామ అరుస్తాడులే, ఏదో ఒకటి." ఒక మేకు నోట్లోంచి తీసి అందించింది. "గొంతు యాడికీ పోలేదు, చూసినా కదా ఆ పొద్దు. ఆ మూల వదులుగా ఉండాది. గట్టిగా లాగు."

వాడు లాగాడు.